టబ్బు తరఫున చెప్పిన మాట

కుక్కల విశ్వాసం గురించి మనవాళ్లు రాసేవాటిలో కుక్క తక్కువ, రాసేవాళ్ల మంచితనం ఎక్కువ. అనసూర్య సంగతి చెప్పాలంటే ముందు ఆ ధోరణిని గడప బయట వదలాలి. ఆమె జంతుప్రేమికురాలు కాదు. వీధికుక్కలకు చద్దన్నం పెట్టి పుణ్యం కూడబెట్టుకునే మనిషీ కాదు. మొగుడు ఆగయ్య ఒకనాడు గని దగ్గర దొరికిన కుక్కపిల్లను అన్నం సంచిలో వేసుకొని క్వార్టర్‌కు తెస్తే ఆమె అన్న మొదటి మాట ఇది:

"నీ బట్టల బొగ్గు ఉతకనే నా రెక్కలు పోతున్నయ్. ఇంకోదాన్ని తెచ్చినవా? ఇది గూడ నల్లగనే ఉన్నది!"

పిల్ల నల్లగా, గుండ్రంగా, కడుపు నేలకు ఆనుతూ ఉండేది. బొగ్గు మోసే ఇనుప తొట్టిని గనుల్లో టబ్బు అంటారు. నిండిన టబ్బులాగే ఉందని ఆగయ్య దానికి ఆ పేరే పెట్టాడు. పెరిగి పెద్దదై నడుము సన్నబడ్డా పేరు మారలేదు. అది వంటగదిలోకి రాదు. గడపకు అడ్డంగా పడుకుంటుంది. మొదటి షిఫ్టుకు పోయే ఆగయ్య దాన్ని దాటి పోవాల్సిందే. అతనిది గనిలో నీళ్లు తోడే పంపు డ్యూటీ, మారే షిఫ్టులు, ఇంట్లో ఉంటే నిద్ర. కూతురు దీప పెళ్లై కొత్తగూడెంలో ఉంటుంది. పగలంతా అనసూర్య మాట్లాడేది టబ్బుతోనే. మాట్లాడేది అంటే తిట్టేది. అది చెవులు వెనక్కి పెట్టి వినేది.

గోదావరిఖనిలో, ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో, అనసూర్యకు ఇంకో పేరుంది: దవాఖాన అనసూర్య. ఆమె నర్సు కాదు, ఆయా కాదు. ఎవరి ఒంట్లో బాగోకపోయినా వాళ్లను వెంటబెట్టుకొని కంపెనీ దవాఖానకు వెళ్లి, డాక్టరు ముందు వాళ్ల తరఫున మాట్లాడుతుంది. ఇది చిన్న పని అనుకునేవాళ్లు గని కార్మికుణ్ని డాక్టరు ముందు చూసి ఉండరు. పైకప్పు కూలుతుంటే అరిచి పదిమందిని బయటికి పంపగల మనిషి, తెల్లకోటు ముందు నిలబడగానే గొంతు పోగొట్టుకుంటాడు. ఏమైందయ్యా అంటే "ఏం లే సార్, జర నొస్తాంది" అంటాడు. ఆడవాళ్లైతే ఆ "జర" కూడా అనరు. వెనక వరుస బయటి దాకా ఉంటుంది. ఏం లేదన్నవాడికి గోలీ ఇచ్చి పంపక ఏ డాక్టరైనా ఏం చేస్తాడు?

అందుకే అనసూర్య దగ్గర ఒక సూత్రం ఉంది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లకు కూడా దాన్ని నేర్పేది.

"డాక్టర్ ముందట ఒకటుంటె మూడు చెప్పాలె. మూడు చెప్తె రెండు ఇంటడు. రెండింటె ఒకటన్న చూస్తడు."

ఈ సూత్రం ఆమెకు కాసిపేట దగ్గరి పుట్టింటి నుంచి వచ్చింది. ఆమె తల్లి కడుపునొప్పిని ఊళ్లో వైద్యం చేసేవాడికి "ఏం లేదయ్యా, జర సలుపు" అని మర్యాదగా చెప్పి, మర్యాదగానే చనిపోయింది. పెద్దమనుషుల ముందు నొప్పిని తగ్గించి చెప్పడం మన దగ్గర సంస్కారం. ఆ సంస్కారం ఎందరిని పాతిపెట్టిందో ఎవరూ లెక్కతీయరు. తల్లి దినాలైన తర్వాత అనసూర్య తగ్గించడం మానేసింది. మానేసి, ఉన్నంతే చెప్పే దగ్గర ఆగలేదు.

సూత్రం పనిచేసింది కూడా. పక్క క్వార్టర్ల లైన్‌లో ఉండే ఫిట్టర్ కొమురెల్లి, యూనియన్ మనిషి, ఛాతీలో పట్టేస్తుంటే గ్యాస్ అని సోడా తాగుతూ కూర్చున్నాడు. ఆమె రెక్క పట్టి లాక్కెళ్లింది. "గ్యాస్ సార్" అని అతను మొదలుపెట్టగానే అడ్డుపడింది.

"అబద్ధం సారూ! చెమటలు బారినయ్. ఎడమ చెయ్యి గుంజుతాందట. రెండు సార్లు కండ్లు తిరిగి పడ్డడు."

చెమటలు నిజం. మిగతా రెండూ ఆమె చేర్చినవి. గుండెకు రక్తం సరిగా అందడం లేదని పరీక్షలో తేలింది. కొమురెల్లి బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత కాలనీలో ఆమె మాటకు ఎదురు లేదు. నిజానికి ఆ రోజు గెలిచింది చెమటలు. కానీ పేరు మాత్రం ఆ చేర్చిన రెండింటికి వచ్చింది.

ఈ ఏడు వానలు వెనకబట్టాక టబ్బు తిండి తగ్గించింది. నీళ్లు మాత్రం విపరీతంగా తాగేది. గిన్నె ఖాళీ చేసి, బట్టలు నానేసిన బకెట్‌లో మూతి పెట్టేది. వెనక భాగాన్ని అదేపనిగా నాకేది. గడప దగ్గర నేల మీద ఒకటి రెండుసార్లు మరక కనిపిస్తే అనసూర్య నీళ్లు పోసి కడిగేసింది. ఆ ఆదివారం పొద్దున అది పసరులాంటిది కక్కి, లేవకుండా పడుకుంది. ఆగయ్య దాటి పోతుంటే తల కూడా ఎత్తలేదు.

ఆదివారం పశువుల దవాఖాన తీయరు. జ్యోతినగర్ పోయే దారిలో ఒక ప్రైవేటు క్లినిక్ ఉంది. కరెంటు కంపెనీ ఇంజనీర్లు కార్లలో పెద్ద పెద్ద కుక్కలను తెస్తుంటారు కాబట్టి కాలనీవాళ్లు దాన్ని "ఇంజనీర్ల కుక్కల దవాఖాన" అంటారు. టబ్బును పాత చద్దర్‌లో చుట్టి, ఆటోలో వేసుకొని మొగుడూ పెళ్లాలు అక్కడికి పోయారు.

డాక్టరు పేరు ఋషికేశ్. మంథని కుర్రాడు. ఇంటి పెద్దలు గుళ్లో, బళ్లో పనిచేసినవాళ్లు. కుక్కల్ని ముట్టుకొని వచ్చాడని తల్లి పద్మావతమ్మ ఇప్పటికీ స్నానం చేయందే అతన్ని వంటింట్లోకి రానివ్వదు. అతను మోసగాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ కథను కాలనీలో చెప్పేవాళ్లు అతన్ని మోసగాడిగానే చెబుతారు. టబ్బును బల్ల మీద పెట్టించి, కంప్యూటర్ ముందుకు జరిగి, అతను అడిగాడు.

"చెప్పండమ్మా. మొదటి నుంచి చెప్పండి. తొందరేం లేదు."

అనసూర్య జీవితంలో ఆ మాట అన్న మొదటి డాక్టరు అతనే. ఆమె గుర్తించలేదు. అలవాటైన గొంతు ఎత్తింది.

"ఏం జెప్పాలె సారూ, మూడొద్దుల సంది ముద్ద ముట్టలే."

ముందురోజు సాయంత్రం అది కొద్దిగా పాలన్నం తిన్నది. ఆగయ్య గోడ మీద క్యాలెండర్ వైపు తిరిగాడు.

"వాంతులు?"

"లెక్కలేదు సారూ. పచ్చగ, నురుగు నురుగు."

"ఫిట్స్ లాంటివి ఏమైనా వచ్చాయా? కాళ్లు కొట్టుకోవడం?"

ఆ పేరు ఆమె తీసుకురాలేదు. డాక్టరే అందించాడు. డాక్టరు నోట వచ్చిన పెద్ద రోగాన్ని వదులుకోవడమంటే ఆమె లెక్కలో చేతికొచ్చిన పంటను వదులుకోవడం.

"వచ్చినయ్ సారూ! నాలుగు సార్లు. కాళ్లు టపటప కొట్టుకున్నది, కండ్లు తేలేసింది. నా పానం పోయిందనుకో."

రాత్రి నిద్రలో టబ్బు ఒకసారి కాలు జాడించింది. అన్ని కుక్కలూ జాడిస్తాయి.

"ఎలుకల మందు ఏమైనా తిని ఉంటుందా?"

"కాలనీల అందరు పెడ్తరు సారూ. తినే ఉంటది."

"నీళ్లు తాగుతోందా?"

"తాగుతాంది."

"ఎదకు ఎప్పుడొచ్చింది? కింద నుంచి ఏమైనా కారుతోందా?"

కొడుకు వయసు మగపిల్లాడు, పక్కన మొగుడు. ఆమె కొంగు సర్దుకుంది. "అయ్యో, గవన్ని ఏం లేవు సారూ."

లేనివి మూడు చెప్పిన మనిషి, ఉన్న రెండింటిని మింగేసింది. నీళ్లు తాగడం రోగమని ఆమెకు తెలియదు. రెండోది చెప్పుకునే మాట కాదు. డాక్టరు ప్రతి అక్షరం కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. విన్నదంతా నమ్మాడు. ఎలుకల మందు, ఫిట్స్ అని తేల్చి, టబ్బును చేర్చుకున్నాడు. కౌంటర్‌లోని అమ్మాయి అడ్వాన్స్ కట్టించుకుంది.

బయటికి వచ్చాక ఆగయ్య నోరు విప్పాడు.

"ఫిట్స్ ఎప్పుడొచ్చినయే?"

"నువ్వు ఊకో. గట్ల చెప్పకుంటె మందిల కలిపి గోలీ ఇచ్చి పంపుతడు."

"ఈడ మంది ఏడున్నరే? మనమే ఉన్నం గదా."

ఆమె ఆటోవాణ్ని పిలిచింది.

మర్నాడు పోతే లోపలికి రానివ్వలేదు. అద్దం ఇవతల నుంచి చూడమన్నారు. టబ్బు ఇనుప పంజరంలో పక్కకు ఒరిగి పడుకొని ఉంది. ముందు కాలికి సూది, దానికి ప్లాస్టర్, పైన సీసా. పిలిచింది. అద్దం మందం. చెవి కూడా కదలలేదు. మత్తులో ఉంది, ఫిట్స్ మళ్లీ రాలేదు, మందు పనిచేస్తోంది అని కౌంటర్ అమ్మాయి చెప్పింది. ఇంకొంత కట్టమంది. అనసూర్య కట్టింది. ఫిట్స్ మళ్లీ రాలేదన్న మాట దగ్గర ఆమె మనసు ఒకసారి తడబడింది. రాకపోవడమే మంచిది కదా అనుకొని ముందుకు సాగింది.

గేటు దగ్గర సారలమ్మ ఆపింది. ఆమెదీ అదే కాలనీ. క్లినిక్‌లో పంజరాలు కడిగి, కుక్కల్ని పట్టుకునే పని. మొగుడికి కామెర్లు వచ్చినప్పుడు అనసూర్యే వెంట తిరిగింది.

"అక్కా, ఓ మాట. నేను ఆరుగొట్టంగనే ఇంటికి పోత. ఆ తర్వాత ఈడ ఎవ్వలుండరు."

"మరి చూసెటోళ్లెవరే?"

"గోడకు కెమెరా ఉన్నది గదా. గది చూస్తది."

మంగళవారం ఆగయ్య డ్యూటీ మార్పించుకున్నాడు. ఇద్దరూ పొద్దున్నే పోయారు. డాక్టరు ఇంకా రాలేదు, కౌంటర్ ఖాళీగా ఉంది, సారలమ్మ లోపలి తలుపు తెరిచే ఉంచింది. అనసూర్య నేరుగా లోపలికి పోయింది.

సీసా ఖాళీగా వేలాడుతోంది. గొట్టంలో రక్తం వెనక్కి ఎక్కి ఎండిపోయి ఉంది. టబ్బు తన తడిలోనే పడుకొని ఉంది. కడుపు బిగుసుకుపోయింది. అనసూర్య కమ్మీల సందులోంచి చెయ్యి పెట్టి మూతి పట్టుకుంటే చల్లగా తగిలింది. అది కళ్లు తెరిచింది గాని చూడలేదు.

డాక్టరు వచ్చేసరికి ఆమె గొంతు రోడ్డు దాకా వినిపిస్తోంది. ఆ వేళకు ఒక లాబ్రడార్‌ను పట్టుకొని వచ్చిన పెద్దాయన తిరిగి కారెక్కి కూర్చున్నాడు.

"ఇదేనా సారూ మీరు చూసుడు? సీసా ఎప్పుడయిపోయింది? గొడ్డును గూడ గిట్ల పండవెట్టరు! బిల్లు తీయున్రి. దేనికెంతనో నాకు చదివి చెప్పున్రి!"

అప్పుడే వచ్చిన కౌంటర్ అమ్మాయి చదివింది. అడ్మిషన్. ఐసీయూ. మందులు. ఇరవై నాలుగు గంటల పర్యవేక్షణ. స్కానింగ్. మొత్తం ఎంతన్నది ఇక్కడ అనవసరం. ఆగయ్య నెలలో ఆదివారాలన్నీ డబుల్ జీతానికి డ్యూటీ చేసినా అందేది కాదు, అంతవరకు తెలిస్తే చాలు.

"ఇరవై నాలుగు గంటలు ఎవ్వలు చూసిన్రు?"

"కెమెరా ఉందమ్మా," అన్నాడు ఋషికేశ్. "నాకు ఫోన్‌లో కనిపిస్తుంది."

"కనబడితె సీసా అయిపోయింది కనబడలేదా?"

అతను సారలమ్మ వైపు చూశాడు. సారలమ్మ చీపురు వైపు చూసింది.

"చూడండమ్మా, అది మత్తుగా ఉండడం మందు వల్ల. ఫిట్స్ ఆపే మందు అలాగే ఉంటుంది. నాలుగుసార్లు వచ్చాయని మీరే చెప్పారు. డోసు దానికి తగ్గట్టే ఇచ్చాను. ఇవ్వకపోతే అదే ప్రాణం మీదకు వచ్చేది."

అనసూర్యకు అప్పుడు అర్థమైంది. ఏమీ తెలియని మనిషి కాదు ఆమె. ఇరవై ఏళ్లు దవాఖాన వరుసల్లో నిలబడిన మనిషి. రాని ఫిట్స్‌కు మందు పోతోంది. ఆ మత్తు కింద అసలు రోగం దాని పని అది చేసుకుంటోంది. ఒక్క మాట చెబితే మందు ఆగుతుంది.

ఆ ఒక్క మాట ఆమె చెప్పలేదు. బిల్లు మీదికి పోయింది. ఐసీయూ అంటే ఏది, ఈ పంజరమేనా అంది. మందుల డబ్బాలు చూపించమంది. అడ్వాన్స్ రశీదు మీద సంతకం ఎవరిదంది. ప్రతి ప్రశ్నా న్యాయమైనదే. అన్నీ సరైన ప్రశ్నలే అడుగుతూ, చెప్పాల్సిన దాన్ని దాటేస్తూ పోయింది. ఎందుకంటే చెప్పడమంటే ఒక కుక్క గురించి చెప్పడం కాదు. దవాఖాన అనసూర్య డాక్టరుకు లేనివి చెబుతుందని, సారలమ్మ వింటుండగా, ఒప్పుకోవడం. రేపు ఎవరి కడుపునొప్పికైనా ఆమె మాట మీద విలువ ఉండదు. మనిషి కోపం చాలాసార్లు ఇలాగే పనికొస్తుంది, చెప్పవలసిన మాట నోటికి రాకుండా అడ్డం పెట్టుకోవడానికి.

"స్కానింగ్ అన్నరు," అంది చివరికి. "దాంట్ల ఏం కనబడ్డది సారూ?"

కౌంటర్ అమ్మాయి తల వంచుకుంది.

"అది ప్యాకేజీలో ఉంటుందమ్మా. అవసరమైతే తీస్తాం," అన్నాడు ఋషికేశ్.

"తీసిన్రా, తియ్యలేదా?"

"ఇంకా తీయలేదు."

స్కానింగ్ యంత్రాన్ని అతను అప్పు మీద తెచ్చాడు. అది పనిచేసినా చేయకపోయినా వాయిదా కట్టాలి. అందుకే చేర్చుకున్న ప్రతి కుక్క లెక్కలోనూ స్కానింగ్ ముందే పడిపోతుంది. జ్యోతినగర్ వాళ్లు ఎవరూ ఎన్నడూ ఏం కనబడ్డదని అడగలేదు.

ఆగయ్య అప్పటిదాకా పంజరం దగ్గరే గొంతుక్కూర్చున్నాడు. తల తిప్పకుండానే అన్నాడు.

"ఆయన చెప్పిండు గదనే. ఇగ నువ్వు చెప్పు."

అనసూర్య మొగుడి వీపు వైపు చూసింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఫిట్స్ రాలే సారూ."

"అంటే?"

"రాలే. నిద్రల ఒక్కపారి కాలు జాడించింది, గంతే. ఎలుకల మందు గూడ నాకు ఎరుక లేదు."

ఋషికేశ్ ముఖం ఎర్రబడింది. "మీరు అబద్ధాలు చెబితే నేనేం చేయాలమ్మా? అది మాట్లాడుతుందా? మీ మాట మీదే కదా మందు ఇచ్చేది!"

"నా మాట నాది సారూ. చూసుడు నీ పని. నువ్వు స్కానింగ్ తీసుంటె నా అబద్ధం గప్పుడే బయటపడుతుండె."

ఆమె లేని రోగం చెప్పింది, అతను చేయని పరీక్ష రాశాడు. ఒకరి అబద్ధాన్ని పట్టుకోగల పని రెండోవాడి అబద్ధంలో పోయింది. మధ్యలో పంజరంలో ఉన్న ప్రాణికి ఈ రెండింటితోనూ సంబంధం లేదు.

అతను కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. గొంతు మారింది. "సరే. ఇప్పుడు ఉన్నది చెప్పండి. ఎక్కువొద్దు, తక్కువొద్దు."

"నీళ్లు బగ్గ తాగుతాంది. పది దినాలు దాటింది. బకెట్లు బకెట్లు," అని ఆగింది. "బకెట్లు గాదు. గిన్నెడు ఒడగొట్టి, బకెట్ల మూతి పెడ్తది."

"ఇంకా?"

ఆమె ఆగయ్య వైపు చూసింది. అతను లేచి బయటికి పోయాడు. అప్పుడు మరకల సంగతి, నాకడం సంగతి చెప్పింది. పోయిన నెల ఎదకు వచ్చిందని చెప్పింది. చెబుతున్నంతసేపు నేల చూసింది. అతను మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

స్కానింగ్ తీయడానికి టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. గర్భసంచి చీముతో నిండి ఉంది. మొదటిరోజే కోసి తీసేయాల్సింది. ఇప్పుడు చీము ఒళ్లంతా పాకింది, పైగా ఒంట్లో అక్కర్లేని మత్తు. కోస్తే బతకడం కష్టం, కోయకపోతే బతకదు అని చెప్పాడు. ఈసారి అతను కూడా ఎక్కువ తక్కువలు చెప్పలేదు.

"కొయ్యి సారూ," అంది అనసూర్య.

కోసేటప్పుడు టబ్బును సారలమ్మ పట్టుకుంది. అనసూర్య గది బయట నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. లోపలి నుంచి తెచ్చి చూపించిన గర్భసంచి గుమ్మడికాయంత ఉంది. ఆ తర్వాత పంజరం తలుపు తీసి ఉంచమని, ఆమె నేల మీద దాని పక్కనే కూర్చుంది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మధ్యాహ్నం దాటాక టబ్బు ఒకసారి చెవులు వెనక్కి పెట్టింది. అనసూర్య తిట్టడం మొదలుపెట్టింది, ఇంట్లో తిట్టినట్టే, సన్నని గొంతుతో. "ఏమే దొంగదానా, ఇంటికి రావా? నీ గిన్నె ఎవ్వలు తోముతరనుకున్నవే?" టబ్బు ఊపిరి పొడుగ్గా తీసింది. పొద్దు వాలకముందే పోయింది.

ఋషికేశ్ వచ్చి నిలబడ్డాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, ఆపరేషన్‌కు ఏమీ ఇవ్వొద్దమ్మా అన్నాడు.

అనసూర్య లేచింది. "గట్లెట్ల సారూ? కోసినవు, కుట్టినవు. దానికి తీసుకో. దర్మం నాకొద్దు. చెయ్యనియి కొట్టెయ్."

మొదటిరోజు స్కానింగ్‌ను, కెమెరా పర్యవేక్షణను అతను బిల్లులోంచి తీసేశాడు. మిగతాది ఆగయ్య కట్టాడు. డాక్టరూ అనసూర్యా ఒకరికొకరు క్షమాపణ చెప్పుకోలేదు. చెప్పుకుని ఉంటే రాయడానికి బాగుండేది.

ఆటో కాలనీలోకి వచ్చేసరికి లైన్ మొత్తం బయటే ఉంది. సారలమ్మ ఫోన్ ముందే చేరింది. కొమురెల్లి ఎర్ర కండువా వేసుకొని సిద్ధంగా ఉన్నాడు. ఇక్కడి మనుషులకు దుఃఖం ఎలా పడాలో తెలియకపోవచ్చు గాని, ధర్నా ఎలా చేయాలో పుట్టుకతో తెలుసు.

"అక్కా, నువ్వేం ఫికర్ చెయ్యకు," అన్నాడు కొమురెల్లి. "రేపు పొద్దుగాల్ల ఫస్ట్ షిఫ్టు తోలినంక అందరం పోతం. క్లినిక్ ముంగట టెంట్ ఏస్తం. దీన్ని గూడ ఆడనే పండవెడదం. చెయ్యని పరీక్షకు పైసలు గుంజి పానం తీసిండు వాడు. నష్టపరిహారం ఇయ్యకుంట షట్టర్ ఎట్ల లేపుతడో చూస్త!"

జనం ఊ కొట్టారు. ఎవరో అప్పుడే ఆటోలో చద్దర్ తొలగించి ఫోటో తీస్తున్నారు. అనసూర్య చద్దర్ మళ్లీ కప్పింది.

"ఆయన చెయ్యని స్కానింగ్ రాసిండు, నిజమే," అంది. "నేను రాని ఫిట్స్ చెప్పిన. గవి ఆపే మందుకే అది లేవకుంట పడ్డది. పోతె రెండు చెప్పున్రి."

కొమురెల్లి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "రెండోది ఎందుకక్కా? మన కేసు వీకైతది."

"కేసు వీకే, కొమురెల్లీ."

"నువ్వు మా కోసం చెప్పలేదా గట్ల? నాకు చెప్పలేదా? నీ మాటతోనే గదా నేను బతికింది."

"నువ్వు చెమటల మీద బతికినవ్ రా. నీకు కండ్లు తిరగలే, ఏం తిరగలే. గవి నేను అన్నయే."

ఆ మాట లైన్ మొత్తం విన్నది. ముసలామె ఒకతె ముక్కు మీద వేలేసుకుంది. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. గనిలో బొగ్గు తొట్లను లాగే హాలేజీ ఆపరేటర్ సదయ్య మాత్రం పైకే అన్నాడు, "అయితె మా పిల్ల జరానికి చెప్పినయ్ గూడ గట్లనేనా వదినే?" అనసూర్య అతని వైపు చూసి తల ఊపింది. సదయ్య ఇంట్లోకి పోయాడు.

తప్పు మొత్తం ఒకడిదే అయితే మనవాళ్లు ఎంత దూరమైనా నడుస్తారు. సగం సగం అని తేలితే పోయి టీవీ పెట్టుకుంటారు. కాసేపట్లో లైన్ ఖాళీ అయింది. కొమురెల్లి కండువా మడిచి జేబులో పెట్టుకొని కొద్దిసేపు నిలబడ్డాడు. తర్వాత ఇంట్లోంచి గడ్డపార తెచ్చి ఆగయ్య చేతికిచ్చాడు.

క్వార్టర్ వెనక, కరివేపాకు చెట్టు దాటాక, కొంత నేల ఉంది. కరెంటు కంపెనీ లారీల బూడిద పడీ పడీ గట్టిపడింది. ఆగయ్య తవ్వాడు, అనసూర్య మన్ను ఎత్తింది. లోతు చాలదని ఆమె అంది. అతను ఇంకొంత దిగాడు.

చద్దర్ విప్పి చూస్తే టబ్బు ముందు కాలికి సూది ఇంకా ఉంది. తీయడం అందరూ మరిచిపోయారు. అనసూర్య కాలును ఒళ్లో పెట్టుకొని ప్లాస్టర్ అంచును గోటితో లేపింది. వెంట్రుకలు అంటుకొని ఉన్నాయి. కొద్దికొద్దిగా, వేలితో చర్మాన్ని అదిమి పట్టుకుంటూ తీస్తోంది.

"జల్ది గుంజెయ్యే," అన్నాడు ఆగయ్య గుంతలోంచి. "సచ్చినదానికి నొప్పేంది?"

ఆమె జల్ది గుంజలేదు. ప్లాస్టర్ పూర్తిగా ఊడే దాకా అతను గడ్డపార మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు.